శస్త్రానికి ముందు సూది: అబుల్ ఖాసిం అల్ జహ్రావీ

ఉర్దూ సాహిత్యంతో పరిచయమున్న మన విద్యార్థులకు ఖుర్తుబా పేరు కొత్తది కాదు. అల్లామా ఇక్బాల్ ఆ నగరపు మహామసీదుపై రచించిన దీర్ఘకవిత మూలంగా ఆ పేరు మన తరగతి గదులలో వినబడుతూనే ఉంటుంది. స్పెయిన్ దేశపు దక్షిణ ప్రాంతంలో, గ్వాదల్‌క్వివిర్ నదీతీరాన వెలసిన ఆ నగరాన్ని నేడు కొర్దొవా అంటారు. పదవ శతాబ్దంలో పశ్చిమ యూరపు ఖండంలో దానికి సాటి వచ్చే నగరం లేదు. అయితే ఆ నేలపై పుట్టి, యావత్ప్రపంచానికి శస్త్రవైద్యం నేర్పిన ఒక మహనీయుని గురించి మనలో ఎరిగినవారు బహు తక్కువ. కవులనూ సుల్తానులనూ స్మరించినంతగా మనం వైద్యులను స్మరించము.

రొమ్ములో గడ్డ కనిపించిన స్త్రీకి ఈనాడు వైద్యులు కత్తి పట్టకముందే సూదితో పరీక్ష చేయిస్తారు. గడ్డ లోపల ఏమున్నదో తెలియనిదే దానిని కోయరాదన్నది ఆ పరీక్షకు మూలమైన ఆలోచన. ఆ ఆలోచన వెయ్యేళ్ళనాటి ఒక అరబ్బీ గ్రంథంలో స్పష్టంగా కనిపించడమే నన్ను ఈ వ్యాసరచనకు పురికొల్పింది. ఆ గ్రంథకర్త అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అల్ అబ్బాస్ అల్ జహ్రావీ. లాటిన్ పండితుల నోట ఈ పేరే అల్బుకాసిస్‌గా మారింది.

క్రీ.శ. 936 ప్రాంతంలో ఖలీఫా మూడవ అబ్దుర్ రహ్మాన్ ఖుర్తుబాకు పడమటి దిక్కున, కొన్ని మైళ్ళ దూరంలో, ఒక కొండవాలున మదీనతుజ్ జహ్రా అనే కొత్త రాజధానిని కట్టించడం మొదలుపెట్టాడు. పాలరాతి స్తంభాలు, జలాశయాలు, ఉద్యానవనాలు గల ఆ నగరం లేచే రోజులలోనే జహ్రావీ జన్మించాడని చరిత్రకారుల అంచనా. మన తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళపేర్ల నుండి వచ్చినట్లే, ఆయన పేరు చివరి భాగం ఆ నగరం నుండి వచ్చింది. వంశం మదీనాకు చెందిన అన్సారులది. ఆయన గురువులెవరో, కుటుంబమెట్టిదో గ్రంథస్థం కాలేదు. ఆయన గతించిన కొన్ని దశాబ్దాలకు అల్ హుమైదీ అనే అందలూసీ చరిత్రకారుడు పండితుల జీవితాలను కూర్చుతూ, ఈయనను గురించి నాలుగు మాటలు రాశాడు. ధర్మపరుడనీ, విద్వాంసుడనీ, వైద్యంలో ప్రయోజనకరమైన గొప్ప గ్రంథం రచించాడనీ వాటి సారాంశం. కనుక జహ్రావీని మనం ఆయన గ్రంథంలోనే వెతుక్కోవాలి. అదృష్టవశాత్తు ఆ గ్రంథంలో ఆయన తన్ను తాను దాచుకోలేదు.

ఆ గ్రంథం పేరు అత్తస్రీఫ్. పూర్తి పేరుకు, గ్రంథాలను స్వయంగా కూర్చుకోలేని వారికోసం చేసిన ఏర్పాటు అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. 30 ప్రకరణాలు గల ఈ బృహద్గ్రంథాన్ని సుమారు 50 సంవత్సరాల వైద్యవృత్తి అనంతరం, క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయన ముగించాడు. అందులో అధికభాగం ఔషధాలకు, పథ్యానికి సంబంధించినది. కీర్తి తెచ్చిపెట్టినది మాత్రం కట్టకడపటి ప్రకరణం. చేతిపని అని దానికి ఆయన పెట్టిన పేరు. గ్రీకు భాషలో శస్త్రవైద్యానికున్న పేరుకూ అదే అర్థం. ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే చికిత్స, రెండవది కోత, కుట్టు, రక్తస్రావ చికిత్సలు, మూడవది ఎముకలు కట్టడం. దాదాపు 200 పనిముట్ల బొమ్మలను ఆయన ఇందులో పొందుపరచాడు. చదివినవాడు కమ్మరి వద్దకు వెళ్ళి అటువంటిదే చేయించుకోవాలన్నది ఆ బొమ్మల ఉద్దేశం. అంతకుముందు శస్త్రవైద్యంపై ఇంత విస్తారంగా బొమ్మలతో వెలువడిన గ్రంథం మరొకటి మనకు లభించలేదు.

ఆ ప్రకరణపు ప్రారంభంలోనే జహ్రావీ తన కాలపు వైద్యులపై ఒక కఠినమైన విమర్శ చేస్తాడు. తన దేశంలో శస్త్రవైద్యం దాదాపు అంతరించిపోయిందనీ, దానికి కారణం శరీరనిర్మాణ శాస్త్రం చదవకుండానే కత్తి పట్టడమనీ ఆయన అభిప్రాయం. దానికి నిదర్శనంగా తాను కళ్ళారా చూచిన ఘటనలు చెబుతాడు. ఒక వైద్యుడు స్త్రీ మెడపై కంఠమాల వంటి గడ్డను కోశాడు. లోపల ఏ రక్తనాళం ఎక్కడ నడుస్తున్నదో అతనికి తెలియదు. ధమనులు తెగి, రక్తం ఆగక, ఆమె అతని చేతులలోనే ప్రాణం విడిచింది. మరొకడు వృద్ధుని మూత్రాశయం నుండి పెద్ద రాయిని లాగగా, దానితోపాటు మూత్రాశయపు ముక్క ఊడివచ్చింది. ఆ వృద్ధుడు మూడు రోజుల్లో మరణించాడు. అంతకుముందు జహ్రావీనే పిలిచారట. రాయి పరిమాణాన్నీ, రోగి స్థితినీ చూచి, ఇది ప్రాణం మీదికి వస్తుందని ఆయన ఒప్పుకోలేదు. ఇంకొక వైద్యుడు రాచపుండు జాతి గడ్డను మామూలు గడ్డ అనుకున్నాడో ఏమో, కత్తితో పొడిచాడు. కొద్ది రోజులలోనే అది పుండుగా మారి రోగిని నానాయాతన పెట్టింది.

ఈ మూడు ఘటనలలోనూ లోపం చేతిది కాదు. ఏమి కోస్తున్నామో తెలియకపోవడమే లోపం. శస్త్రవైద్యుణ్ణి నిలువరించే జ్ఞానమే శస్త్రవైద్యంలో సగభాగమని జహ్రావీ భావించినట్లు ఆ పుటలు చదివితే తోస్తుంది.

రొమ్ము రాచపుండు విషయంలో ఆయన మాటలు మరీ గమనింపదగినవి. పుండు చిన్నదై, కొత్తదై, రొమ్ము లేదా తొడ వంటి, మొత్తంగా తొలగించడానికి వీలున్న చోట ఉంటే, కొక్కెంతో పైకెత్తి చుట్టూ చర్మంతో సహా, వేరు మిగలకుండా కోసివేయాలన్నాడు. పాతదై, పెద్దదై ఉంటే దాని జోలికి పోరాదన్నాడు. ఆ స్థితికి చేరినదానిని తాను ఏనాడూ నయం చేయలేకపోయాననీ, నయం చేసిన మరొకరిని తాను చూడలేదనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. గొప్ప వైద్యులు తమ విజయాలను రాసుకోవడం లోకంలో సహజం. ఓటమిని గ్రంథంలో రాసి రాబోయే తరాలకు అప్పగించినవారు అరుదు. నా మట్టుకు నాకు, ఆయన కనిపెట్టిన పనిముట్లన్నింటికన్నా ఈ ఒప్పుకోలు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మరి గడ్డ ఎట్టిదో కోయకముందే తెలుసుకునే దారి ఏది? ఇక్కడనే ఆయన సూది ప్రవేశిస్తుంది. పనిముట్లను వర్ణించే అధ్యాయంలో మిదస్ అనే మొనదేలిన శోధనశలాకను గురించి ఆయన చెప్పాడు. పెద్దది, నడిమిది, చిన్నది అని అవి మూడు రకాలు. గడ్డలో బాగా మెత్తబడిన చోటు చూచి, శలాకను నెమ్మదిగా లోనికి దింపి, వ్రేళ్ళ నడుమ త్రిప్పి, బయటికి తీసి, దాని వెంట వచ్చినది చీమో, నీరో, కొవ్వో, మరేమిటో పరీక్షించాలి. గళగండం విషయంలో ఈ పద్ధతిని మరింత స్పష్టంగా వినియోగించాడు. గొంతు ముందర లేచే ఆ వాపులలో కొన్ని కొవ్వు తిత్తుల వంటివి. కొన్ని ఉబ్బిన ధమని వంటివి. పైకి రెండూ ఒకే విధంగా కనిపించవచ్చు. మొదటిదానిని కోయవచ్చు, రెండవదానిని కోస్తే మరణమే. కనుక ముందు శలాకతో పరిశోధించి, కొవ్వు తిత్తి వంటిదేననీ, రక్తనాళాలతో దానికి సంబంధం లేదనీ తేలితేనే కత్తి పట్టాలి. కంఠమాల కోతలో మరణించిన ఆ స్త్రీ ఆయన మనసులో మెదిలి ఉంటుందని నేను ఊహిస్తాను.

రోగి భయాన్ని కూడా ఆయన పనిముట్టుగా మలచాడు. కత్తిని చూడగానే రోగి బెదరిపోతాడు గనుక, వ్రేళ్ళ సందున దాచిపెట్టుకోగలిగిన చిన్న కత్తులను రూపొందించాడు. వైద్యుడు గడ్డను తడిమి చూస్తున్నాడని రోగి అనుకుంటూ ఉండగానే పని ముగిసిపోతుంది. స్త్రీల విషయంలో మరొక చిక్కును ఆయన గుర్తించాడు. స్త్రీలకు మూత్రాశయంలో రాయి ఏర్పడితే చికిత్స ఎందుకు దుర్లభమో చెబుతూ, మానవతి అయిన స్త్రీ పురుష వైద్యుని ఎదుట శరీరం చూపడానికి ఒప్పుకోదనీ, నేర్పుగల స్త్రీ వైద్యురాలు దొరకడం అరుదనీ రాశాడు. అటువంటప్పుడు మంత్రసానిని ప్రక్కన ఉంచి, వైద్యుడు చెబుతుండగా ఆమె చేత పరీక్ష చేయించే మార్గాన్ని వివరించాడు. లజ్జను తప్పుపట్టలేదు, దానికి తగిన ఉపాయం ఆలోచించాడు. మన ఇళ్ళలో ఈనాటికీ ఎందరో తల్లులు రొమ్ములోని గడ్డను నెలల తరబడి దాచుకుంటున్నారు. వారితో మాట్లాడవలసిన తీరు ఇదే కదా అనిపిస్తుంది.

ఆయన చెప్పినదంతా నేటికి చెల్లుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాచపుండు శరీరంలోని నల్లపైత్యం వల్ల పుడుతుందని, గ్రీకు గురువుల బాటలోనే, ఆయనా నమ్మాడు. తలనొప్పి మొదలు కీళ్ళనొప్పి వరకు అనేక రోగాలకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టమన్నాడు. అవన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి. మరొకవైపు, గొంతు కోసుకున్న ఒక బానిస బాలిక శ్వాసనాళం గాయానికి కుట్లు వేసి బ్రతికించడం, ఒకే కుటుంబపు మగవారు చిన్న గాయానికే రక్తం ఆగక మరణించే వ్యాధిని నమోదు చేయడం వంటివి నేటి వైద్యులు సైతం గౌరవంతో తలచుకునే అంశాలు.

ఆయన వార్ధక్యం సుఖంగా గడిచిందని చెప్పలేము. 1009లో అందలూసియాలో అంతఃకలహాలు చెలరేగాయి. మరుసటి సంవత్సరం సైనికులు మదీనతుజ్ జహ్రాను కొల్లగొట్టారు. ఆయన వయస్సంత వయస్సున్న ఆ నగరం ఆయన కళ్ళముందే శిథిలమైపోయింది. 1013 ప్రాంతంలో ఆయన మరణించాడు. నగరం మట్టిలో కలిసిపోయి, 1911లో త్రవ్వకాలు మొదలయ్యే వరకు శతాబ్దాలపాటు మరుగునపడి ఉంది. 2018లో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

గ్రంథం మాత్రం మరుగునపడలేదు. పన్నెండవ శతాబ్దంలో తొలేదో నగరంలో క్రెమోనాకు చెందిన గెరార్డ్ శస్త్రప్రకరణాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్య గురువు గీ ద షోలియాక్ పదునాలుగవ శతాబ్దంలో తన గ్రంథంలో మాటిమాటికీ జహ్రావీని ప్రమాణంగా చూపాడు. 1465లో అనతోలియా వైద్యుడు షరఫుద్దీన్ సబుంజూఒగ్లు దానిని ఆధారం చేసుకుని తుర్కీ భాషలో సచిత్ర గ్రంథం రచించాడు. 1497లో వెనిస్‌లో లాటిన్ పాఠం అచ్చయింది. మన దేశంలో 1908లో లక్నోలో అరబ్బీ మూలం శిలాముద్రణ పొందింది. 1973లో స్పింక్, లూయిస్ అనే పండితులు అరబ్బీ మూలంతో సహా ఆంగ్లానువాదం ప్రకటించారు. మన యూనానీ కళాశాలలలో శస్త్రవైద్యాన్ని ఇల్ముల్ జరాహత్ పేరుతో నేటికీ బోధిస్తున్నారు. ఆ విద్య వంశావళిని వెతుకుతూ వెళితే అది ఖుర్తుబాకే చేరుతుంది.

జహ్రావీ చేతిలో సూది ఉంది. లేనిది కన్ను. శలాక వెంట వచ్చినదానిని వట్టి కంటితోనే చూడాలి. శలాక చర్మం కింద ఎక్కడికి పోతున్నదో వ్రేళ్ళతోనే ఊహించాలి. ఈ రెండు కొరతలు తీరడానికి తొమ్మిది శతాబ్దాలు పట్టింది. 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహనెస్ ముల్లర్ గడ్డలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, రాచపుండు కూడా కణాలతో ఏర్పడినదేనని చూపాడు. 1895లో రోంట్జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1913లో బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలొమన్, కోసి తీసిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్-కిరణ చిత్రాలు తీసి, వ్యాధి గుర్తులు ఆ చిత్రాలలో కనిపిస్తాయని నిరూపించాడు. 1930లో న్యూయార్కులో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు సూదితో గడ్డలోని పదార్థాన్ని పీల్చి సూక్ష్మదర్శినిలో పరీక్షించే విధానాన్ని ప్రకటించారు. జహ్రావీ శలాకకు ఒక కన్ను దొరికింది. 1977లో స్టాక్‌హోంలోని శాస్త్రజ్ఞులు రెండవ కన్ను ఇచ్చారు. రొమ్మును కదలకుండా ఉంచి, రెండు వేర్వేరు కోణాలలో ఎక్స్-కిరణ చిత్రాలు తీసి, వాటిని పోల్చి అనుమానాస్పద భాగం ఎంత లోతున ఉన్నదో లెక్కకట్టి, సూదిని సరిగ్గా అక్కడికే పంపే యంత్రాన్ని వారు ప్రకటించారు.

ఈ పరీక్షలు వాడుకలోకి రాకముందు స్త్రీల పరిస్థితి ఎట్లా ఉండేదో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. రొమ్ములో గడ్డ ఉన్న స్త్రీకి మత్తుమందు ఇచ్చి, గడ్డను కోసి, ఆమె బల్లపై ఉండగానే దానిని గడ్డకట్టించి పరీక్షించి, రాచపుండు అని తేలితే అప్పటికప్పుడే రొమ్మును తొలగించేవారు. మెలకువ వచ్చిన తర్వాత తన చేతితో తడిమి చూసుకుంటే గాని, తనకు రాచపుండు ఉన్నదో లేదో ఆమెకు తెలిసేది కాదు. రోగనిర్ణయం వేరు, చికిత్స వేరు, రెంటి మధ్య రోగికి ఆలోచించుకునే వ్యవధి ఉండాలని 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ సిఫారసు చేసింది.

నేటి పరీక్ష స్వరూపాన్ని కొంచెం వివరిస్తే భయం కొంత తగ్గవచ్చు. చేతికి తగలని, ఆవగింజకన్న చిన్న సున్నపు రేణువులు మాత్రమే చిత్రంలో కనిపిస్తే ఎక్స్-కిరణాల సాయంతో పరీక్ష చేస్తారు. గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే దాని సాయంతోనే చేస్తారు. అప్పుడు సూది తెల్లని గీత వలె తెరపై కదులుతూ గడ్డలోకి పోవడం వైద్యుడు చూస్తూనే ఉంటాడు. ఆ చోట మాత్రమే తిమ్మిరి మందు వేసి, చర్మంపై చిన్న గాటు పెట్టి, సుమారు 2 మిల్లీమీటర్ల లావు గల సూదితో షీర్ ఖుర్మాలో వేసే సేమ్యా ముక్కంత కండను నాలుగైదు మార్లు తీస్తారు. రోగి స్పృహలోనే ఉంటుంది. ఎక్కువమంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ ముక్కలను సూక్ష్మదర్శినిలో చూచిన వైద్యుని తీర్పునూ, చిత్రం చెప్పినదానినీ సరిపోల్చుతారు. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే నిర్ణయం. చిత్రం అనుమానాన్ని చూపి, సూది ఏమీ లేదని చెబితే వదలివేయరు. మళ్ళీ పరీక్షిస్తారు, లేదా ఆ భాగాన్ని కోసి తీసి చూస్తారు. ఇట్లా పరీక్షకు వచ్చిన వాటిలో అధికభాగం రాచపుండు కానివే. అంటే ఎందరో స్త్రీలు పెద్ద కోత లేకుండానే నిశ్చింతగా ఇంటికి మరలుతున్నారు.

గడ్డను సూదితో గుచ్చితే రాచపుండు ఒళ్ళంతా పాకుతుందని పెద్దలు అనడం మన ఊళ్ళలో తరచుగా వింటాము. జహ్రావీ చెప్పిన ఆ మూడవ ఘటన వంటివే ఈ నమ్మకానికి మూలమై ఉండవచ్చు. కాని అక్కడ గడ్డను పొడిచినది చీము తీయబోయిన కత్తి. సన్నని సూది దారిలో కొన్ని కణాలు చెదరినా అవి నాటుకోవడం బహు అరుదనీ, ఈ పరీక్ష మూలంగా రోగి ఆయుర్దాయం తగ్గదనీ వైద్యులు తేల్చిచెప్పారు. మన దేశ స్త్రీలలో అన్ని కాన్సర్లకంటె అధికంగా కనిపిస్తున్నది రొమ్ము కాన్సరే. జహ్రావీ తన వల్ల కాదని ఒప్పుకున్నది పాతబడి పెద్దదైన పుండును గురించి. చిన్నదిగా, కొత్తదిగా ఉన్నప్పుడు ఆయనకు సైతం ఆశ ఉంది. ఆ దశలో దానిని పట్టుకోవడానికే ఈ చిత్రం, ఈ సూది.

అత్తస్రీఫ్ శస్త్రప్రకరణపు పురాతన వ్రాతప్రతి ఒకటి పాట్నాలోని ఖుదా బఖ్ష్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. పనిముట్ల చిత్రాలు గల ఆ ప్రతి ఆ గ్రంథాలయపు అమూల్య సంపదలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. అరబ్బీ లిపి చదవగలిగిన మన విద్యార్థులలో ఎవరైనా విహారయాత్రకో, పరీక్షలకో ఆ దారిన వెళ్ళడం తటస్థిస్తే, గంగ ఒడ్డున ఉన్న ఆ గ్రంథాలయంలో ఒక పూట గడిపి రావచ్చు.